ఆ రోజు ధర

గత రమజాన్ రెండవ అష్రాలో ఒకనాడు అసర్ నమాజు తరువాత, పదేళ్ల క్రితం నా వద్ద చదువుకున్న యువకుడు మదరసాకు వచ్చాడు. అతను దుబాయిలో ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూస్తుంటాడు. షవ్వాల్‌లో చెల్లెలి నికాహ్ ఉన్నందున సెలవుపై ఇంటికి చేరాడు. క్షేమసమాచారాలు అయ్యాక, "హజ్రత్, జకాత్ లెక్క కట్టుకోవాలి. కానీ నా దగ్గర ఎంత సొమ్ము ఉన్నదో నాకే తేలడం లేదు" అన్నాడు.

వ్యాపారి ఈ మాట అంటే ఆశ్చర్యపోను. అతనికి దుకాణంలో సరుకు ఉంటుంది, రావలసిన బాకీలు ఉంటాయి. నెలజీతం తీసుకునే మనిషికి తన సొమ్ము ఎంతో తెలియకపోవడమేమిటని అడిగాను. అతను జేబులో నుంచి ఒక నల్లని కార్డు తీసి చాప మీద పెట్టాడు. దాన్ని చూడగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చి మనసు కలుక్కుమన్నది.

అంతకు ఏడాది ముందు అతను దుబాయి నుంచి ఫోను చేశాడు. నేను ఒక తరగతి ముగించి మరొక తరగతికి వెళుతున్నాను. క్రిప్టో కరెన్సీతో నడిచే డెబిట్ కార్డు ఒకటి ఉన్నదని, దానికి వార్షిక రుసుము గానీ, కొనుగోళ్లపై రుసుము గానీ లేవని, వాడవచ్చునా అని అడిగాడు. "అప్పు ఇచ్చే కార్డా?" అన్నాను. కాదన్నాడు. "వడ్డీ ఏమైనా ఉన్నదా?" అన్నాను. లేదన్నాడు. "అలాగైతే నాకు అభ్యంతరం కనిపించడం లేదు, బేటా" అని ఫోను పెట్టేశాను. రెండు నిమిషాలైనా పట్టని ఆ మాటను అతను ఫత్వాగా స్వీకరించాడు. తన గదిలో ఉండే మరో ఐదుగురికి, "మా ఉస్తాద్‌ను అడిగాను, పరవాలేదన్నారు" అని చెప్పాడు. వారు కూడా ఆ కార్డులు తీసుకున్నారు.

ఇరవై ఏళ్లకు పైగా నేను కితాబుల్ బుయూ, అనగా క్రయవిక్రయాల అధ్యాయం, బోధిస్తున్నాను. అందులో సర్ఫ్ అనే ప్రకరణం ఉన్నది. ఒక ద్రవ్యాన్ని మరొక ద్రవ్యంతో మార్చుకోవడానికి షరీఅత్ విధించిన నియమాలు అందులో ఉంటాయి. ఏటా దీనార్లు, దిర్హమ్‌లు అంటూ ఉదాహరణలు చెబుతాను. నా విద్యార్థి జీతంగా తీసుకునేది కూడా దిర్హమ్‌లే అన్న స్పృహ ఆనాడు నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం ఇఫ్తార్ వరకు, మరునాడు మళ్లీ అసర్ నుంచి ఇఫ్తార్ వరకు, ఇద్దరం కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాము. అతని ఫోనులో కార్డు లెక్కలు ఉన్నాయి గానీ, అవన్నీ చివరగా తరిగిన మొత్తాలు మాత్రమే. ఎక్కడ ఎంత తరిగిందో విడివిడిగా లేదు. వెనుక నుంచి ముందుకు తవ్వుకుంటూ రావలసి వచ్చింది.

కార్డు పనిచేసే తీరు ఇది. మొదట దిర్హమ్‌లు ఇచ్చి, అమెరికా డాలరుకు ముడిపెట్టిన క్రిప్టో నాణేలను కొనాలి. స్టేబుల్ కాయిన్ అంటారు. ఒక నాణెం ఒక డాలరుకు సమానమని దానిని జారీ చేసినవారు చెబుతారు. ఆ నాణేలను కార్డు సంస్థకు అప్పగిస్తే, వారు వాటిని డాలర్లుగా మార్చి కార్డులో జమ చేస్తారు. ఆపైన మన ఊరి ఏటీఎంలో కార్డు పెట్టినప్పుడు ఆ డాలర్లు రూపాయలుగా మారి చేతికి వస్తాయి. దుకాణదారుకు గానీ, బ్యాంకుకు గానీ క్రిప్టో ఎక్కడా కనిపించదు. వారికి అందేది రూపాయలే. అంటే దిర్హమ్ నుంచి నాణెం, నాణెం నుంచి డాలరు, డాలరు నుంచి రూపాయి. మూడు మార్పిడులు, మూడు టోల్‌గేట్లు.

ఇందులో మాకు కలిసివచ్చిన విషయం ఒకటి ఉన్నది. యూఏఈ దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున స్థిరంగా కట్టివేయబడి ఉన్నది. అందువల్ల దిర్హమ్‌కు, డాలరుకు మధ్య అసలు ధర ఎంత అన్న వాదనకు తావు లేదు. ఆ అంకెకు మించి ఎంత తీసుకున్నా అది రుసుమే, దానికి ఏ పేరు పెట్టినా సరే.

చెల్లెలి పెళ్లి ఖర్చులకని అతను ఈ మార్గంలో తెచ్చింది 10,000 దిర్హమ్‌లు. స్థిర ధర ప్రకారం 2,723 డాలర్లు కావాలి. అతనికి నాణేలు అమ్మిన చోట ధర 3.71. కనుక వచ్చినవి 2,695 మాత్రమే. "అక్కడ ఫీజు సున్నా అని రాసి ఉన్నది, హజ్రత్" అన్నాడు. నిజమే, ఫీజు సున్నాయే. 27 డాలర్లకు పైగా ధరలోనే పోయాయి. కార్డులో జమ చేసినప్పుడు నూటికి ఒకటి చొప్పున మరో 27. ఆ తరువాత మన దేశంలో తీసినందుకు విదేశీ ద్రవ్య రుసుము నూటికి రెండు, అది గాక తీసిన ప్రతిసారి రెండున్నర డాలర్లు. అతను వాడిన ఏటీఎం ఒకసారికి పది వేల రూపాయలకు మించి ఇవ్వలేదు. మూడు వారాల్లో ఇరవై రెండు మార్లు తీశాడు. విడి రుసుమే 55 డాలర్లయింది, విదేశీ ద్రవ్య రుసుము సుమారు 50. అన్నీ కూడితే 160 డాలర్లు. అతను లెక్కకు పట్టుకున్న ధర డాలరుకు 87 రూపాయలు. ఆ ధరకు అవి దాదాపు 13,900 రూపాయలు.

అదే 10,000 దిర్హమ్‌లను అతను ఇదివరకటిలా దుబాయిలోని మారకపు దుకాణం నుంచి పంపి ఉంటే ఎంత అయ్యేదో కూడా కట్టాము. వారు దిర్హమ్‌కు 23.55 రూపాయలు ఇస్తామన్నారు, రుసుము 23 దిర్హమ్‌లు. స్థిర ధరతో పోల్చితే నష్టం రెండు వేల రూపాయలకు లోపే. వారు కూడా ధరలో లాభం చూసుకుంటున్నారు, సందేహం లేదు. కానీ ఆ ధర పలక మీద ఉంటుంది, రసీదు మీద ఉంటుంది, డబ్బు ఇవ్వక ముందే తెలుస్తుంది. పైగా మార్పిడి ఒక్కటే.

రెండింటికీ తేడా రమారమి పన్నెండు వేల రూపాయలు. మా మదరసాలో హిఫ్జ్ చెప్పే ఉపాధ్యాయుని నెల జీతం అంత. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తానే అన్నాడు: "జకాత్ నూటికి రెండున్నర. ఈ సొమ్ము మీద ఆరు వేలు కూడా కాదు. అది ఎక్కడ తప్పుతుందోనని మీ దగ్గరకు వచ్చాను. నూటికి ఆరు చొప్పున పోయింది మాత్రం నాకు తెలియనే లేదు."

ఆ రాత్రి తరావీహ్ తరువాత నేను సర్ఫ్ ప్రకరణాన్ని మళ్లీ తెరిచాను. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒంటెల వ్యాపారం చేసేవారు. దీనార్లకు అమ్మి వాటికి బదులు దిర్హమ్‌లు తీసుకోవడం, దిర్హమ్‌లకు అమ్మి దీనార్లు తీసుకోవడం వారికి అలవాటు. ఇది సరైనదేనా అని వారు మహాప్రవక్త (సఅసం)ను అడిగారు. ఆ రోజు ధరకే తీసుకుంటే, ఇద్దరి మధ్య బాకీ ఏమీ మిగలకుండానే విడిపోతే దోషం లేదని ప్రవక్త (సఅసం) అనుమతించారు. ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నా విద్యార్థి ఏడాది క్రితం అడిగింది సరిగ్గా ఇదే ప్రశ్న అని ఆ రాత్రి గాని నాకు తట్టలేదు.

ఆ రోజు ధర అన్న షరతు ఎక్కడ వర్తిస్తుందన్న విషయంలో ఫుకహాలు వేర్వేరు అభిప్రాయాలు చెప్పారు. రెండు వేర్వేరు ద్రవ్యాలను నేరుగా మార్చుకునేటప్పుడు ఇరువురూ సమ్మతించిన ధరకు మార్చుకోవచ్చు; మారకపు వ్యాపారి లాభం తీసుకోవడం హరామ్ కాదు. అయితే సమ్మతించడానికి ముందు ధర తెలిసి ఉండాలి కదా. ఇతని కార్డు ధరను తీసిన తరువాతే చూపింది, అది కూడా రుసుముతో కలిపి ఒకే అంకెగా. మహాప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి, లోపలి తడిని పైకి ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మన పిల్లలందరికీ తెలిసినదే. రుసుము సున్నా అని పైన రాసి ధరలో దాన్ని దాచడాన్ని నేను ఆ తడి కిందనే లెక్కిస్తాను. కొలతలలో మోసం చేసేవారి పేరు మీదనే దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నది.

బాకీ మిగలకుండా విడిపోవడమనే రెండవ షరతు మరికొంత చిక్కైనది. కార్డు గీసిన క్షణంలో మొత్తం ఆపివేయబడుతుంది, అసలు లెక్క ఒకటి రెండు రోజులకు తేలుతుంది. ఖాతాలో జమ కావడాన్ని చేతికి అందినట్లుగానే పరిగణించవచ్చునని 1990లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. బ్యాంకు వ్యవహారాలకు అది పెద్ద వెసులుబాటు. కానీ బిట్‌కాయిన్ వంటి, గంటగంటకు ధర మారే నాణెంతో నడిచే కార్డులో, ఏ క్షణపు ధర వర్తిస్తుందో చెప్పకపోతే ఆ వెసులుబాటు సరిపోతుందని నేను అనుకోను.

అసలు క్రిప్టో కరెన్సీయే ధర్మసమ్మతమా అన్న విషయంలో ఉలమాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా 2018 జనవరిలో బిట్‌కాయిన్ వ్యాపారం నిషిద్ధమని ప్రకటించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో దానిని ద్రవ్యంగా వాడటం హరామ్ అన్నది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ సలహా మండలి మాత్రం 2020లో, నమోదైన ఎక్స్చేంజీలలో క్రయవిక్రయాలను అనుమతించింది. ఇందులో దేనినైనా అనుసరించే ముందు ఫోనులో రెండు నిమిషాలు కాక, ముఫ్తీ ఎదుట కూర్చుని వివరంగా అడగండి. మన దేశంలో నివసించేవారికి మరొక విషయం. ఇక్కడ క్రిప్టో లాభంపై 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉన్నది, ఒకదాని నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించి చూపే వీలు లేదు. అదే ఏడాది జూలై నుంచి అమ్మకంపై ఒక శాతం టీడీఎస్ కూడా వచ్చింది. కార్డు గీయడమంటే నాణేన్ని అమ్మడమే.

మరునాడు అతను వేరే కార్డుల వివరాలు కూడా ఫోనులో తీసుకొచ్చాడు. అన్నీ ఒకటి కావు. కాయిన్‌బేస్ కార్డు ఒకప్పుడు ఒక స్టేబుల్ కాయిన్‌ను మినహాయించి మిగతా నాణేలపై 2.49 శాతం తీసుకుంటామని బహిరంగంగానే రాసేది. ఎక్కువే, కానీ రాసి ఉంచారు. కొన్ని కార్డులు రుసుము తక్కువగా చూపి ధరలో లాగుతాయి. కొన్ని నెలకు ఇంత వరకు ఏటీఎం ఉచితమని, ఆపైన వడ్డిస్తాయి. క్యాష్‌బ్యాక్ అని ఇచ్చేది తరచూ ఆ సంస్థ సొంత నాణెమే. దాని విలువ రేపు ఎంత ఉంటుందో దాని తయారీదారుకు కూడా తెలియదు. ఇన్ని పట్టికలు చూశాక మేము ఒక్క పద్ధతికి వచ్చాము. శాతాలను పోల్చడం మానేసి, చేతి నుంచి వెళ్లిన దిర్హమ్‌లు ఎన్ని, చేతికి వచ్చిన రూపాయలు ఎన్ని అని మాత్రమే చూడటం. చిన్న మొత్తంతో ఒకసారి చేసి చూస్తే ఏ కార్డు సంగతైనా తెలిసిపోతుంది. న్యాయంగా చెప్పాలంటే, జీతమే స్టేబుల్ కాయిన్‌లో అందుకుని, ఉన్న ఊళ్లోనే ఖర్చు పెట్టేవారికి మార్పిడులు తగ్గుతాయి, వారికి ఈ నష్టం ఇంత ఉండదు. ఇతని మార్గమే వంకర మార్గం.

అమానత్ విషయం కూడా అతనికి చెప్పాను. కార్డు మీద ఉన్న పేరు ఒకరిది, దానిని నిజంగా జారీ చేసేది వేరొకరు. 2020 జూన్‌లో జర్మనీ సంస్థ వైర్‌కార్డ్ ఖాతాల్లో 190 కోట్ల యూరోలు లేవని బయటపడి అది దివాలా తీసినప్పుడు, బ్రిటన్‌లోని దాని అనుబంధ సంస్థను అక్కడి నియంత్రణాధికారులు కొన్ని రోజులు స్తంభింపజేశారు. దాని మీద ఆధారపడిన ఎన్నో కార్డులు, క్రిప్టో కార్డులు సహా, ఆ రోజుల్లో పనిచేయలేదు. డాలరుకు ముడిపడిన నాణెం కూడా ముడి తెంచుకోగలదు. 2023 మార్చిలో అమెరికాలో ఒక బ్యాంకు కూలినప్పుడు యూఎస్‌డీసీ అనే నాణెం ఒక దశలో 90 సెంట్ల కంటే కిందికి దిగి, రెండు మూడు రోజుల్లో మళ్లీ కోలుకున్నది. నికాహ్ ముందురోజు అలాంటిది జరిగితే ఏమి చేస్తావని అడిగాను. అతని వద్ద సమాధానం లేదు.

జకాత్ లెక్క చివరికి చాలా సులువుగా తేలింది. కార్డులో మిగిలినవి 34 డాలర్లు. వాటిని ఏ ధరకు కట్టాలని అడిగాడు. జకాత్ విధి అయిన రోజున బజారులో ఉన్న ధరకే కట్టమన్నాను, కార్డు సంస్థ ఇచ్చే ధరకు కాదు.

ఇఫ్తార్‌కు కొద్ది నిమిషాల ముందు నేను అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. "మీరేం చేశారు హజ్రత్, నేనే సరిగా అడగలేదు" అన్నాడు. అది అతని సంస్కారం. అడిగినవాడికి ఏమి అడగాలో తెలియకపోతే, అడగవలసినవి తిరిగి అడగడం చెప్పేవాడి బాధ్యత. తెలియదు అనడానికి ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) ఎన్నడూ సంకోచించేవారు కారని విద్యార్థులకు ఎంతో గొప్పగా చెబుతూ ఉంటాను.

గదిలోని ఆ ఐదుగురి నంబర్లు తీసుకుని, ఈద్ లోపల ఒక్కొక్కరికీ నేనే ఫోను చేశాను. నా మాటను వెనక్కు తీసుకుంటున్నానని చెప్పి, ఈ లెక్క చదివి వినిపించాను. ఇద్దరు అప్పటికే మానేశారట. ఒకతను తన కార్డు మంచిదని వాదించాడు. పంపినదెంత, వచ్చినదెంత రాసి చూడమన్నాను, చూస్తానన్నాడు. నాలుగవ అతను, "మరి బంగారం కొనే యాప్ ఒకటి ఉన్నది, అది ఫరవాలేదా?" అని అడిగాడు. దాని నియమాలన్నీ కాగితం మీద పంపమన్నాను. ఐదవ అతని నంబరు మారిపోయినదట. కొత్తది ఎవరి వద్దా లేదు, ఇంకా విచారిస్తున్నాను.