అద్దాల్లో చూసిన రామప్ప

మా అత్తమ్మ పుట్టిల్లు పాలంపేట పక్కనే ఓ చిన్న ఊరు. రామప్ప చెరువు కట్ట మీద ఆడుకుని పెరిగిన మనిషి. పోయిన ఏడాది బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైతే బాగానే అయింది గానీ, ఆ తర్వాత ఎనిమిది నెలలు హనుమకొండలోని మా ఇంటి గడప దాటలేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు. ‘పడిపోతనేమో’ అన్న భయంతో మంచం దిగాలన్నా నన్నే పిలిచేవారు. ఆమెకి నిద్ర లేకపోతే నాకు మాత్రం ఎక్కడిది? ఒకరోజు పప్పు మాడిపోతే పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చేశాను. పప్పు మాడినందుకు కాదని మీకు వేరే చెప్పాలా!

అప్పుడు వచ్చాడు మా మరిదిగారబ్బాయి. ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చేతిలో స్కూటర్ హెల్మెట్‌కి తమ్ముడిలాంటి నల్లటి కళ్ళద్దాల పెట్టె. దాన్ని వర్చువల్ రియాలిటీ అంటారట. లోపల రెండు కళ్ళకీ కొద్ది తేడాతో రెండు బొమ్మలు కనిపిస్తాయి. మన మెదడు ఆ రెంటినీ కలిపి లోతున్న దృశ్యంగా చూస్తుంది. తల ఎటు తిప్పితే బొమ్మ కూడా అటు తిరుగుతుంది. అందుకే అక్కడే ఉన్నామన్న భ్రమ కలుగుతుంది.

ఇది ఆటవస్తువు మాత్రమే అనుకునేరు. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ళు 1990 దశకంలోనే కాలిన గాయాలవాళ్ళకి కట్లు మార్చేటప్పుడు దీన్ని వాడి చూశారు. రోగి కళ్ళ ముందు మంచుకొండల లోకం పెట్టి, మంచు ఉండలు విసిరే ఆట ఆడించారు. ధ్యాస అటు పోయేసరికి నొప్పి తక్కువ తెలిసింది. టీకా వేసేటప్పుడు పసివాడికి గిలక్కాయ ఆడిస్తాం చూడండి, కిటుకు అదే. మనసు ఒక్కసారి రెండు చోట్ల నిండుగా ఉండలేదు.

మావాడు ఓ ఆదివారం పాలంపేట వెళ్ళి, అక్కడివాళ్ళని అడిగి, చుట్టూరా ఒకేసారి తీసే చిన్న కెమెరాతో గుడినీ చెరువు కట్టనీ తీసుకొచ్చాడు. నానమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు పెట్టాడు. అత్తమ్మ మొదట కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. తర్వాత మెల్లిగా తల తిప్పారు. ‘‘అగో, కట్ట! నీళ్ళు నిండున్నయి బిడ్డా!’’ అన్నారు. భుజాలు వదులయ్యాయి. ఊపిరి నిదానించింది. కాసేపటికి మాత్రం, ‘‘అన్నీ ఉన్నయి గానీ గాలేదిరా?’’ అని అడిగారు. మావాడి దగ్గర జవాబు లేదు.

రోజూ సాయంత్రం పది నిమిషాలు అదే అలవాటైంది. నిద్ర కాస్త మెరుగైంది. బీపీ మాత్రలు మాత్రం మానలేదు. ఇది మందుకి తోడే గానీ మందు కాదు. నేనూ పెట్టుకుని చూశాను. మొదటిరోజు బొమ్మ కదులుతుంటే కళ్ళు తిరిగాయి. కన్ను కదులుతున్నామంటుంది, చెవిలోపలి తూకం కూర్చున్నామంటుంది. ఆ పేచీకే వికారం. కూర్చునే చూడాలి. వికారంగా ఉంటే వెంటనే తీసేయాలి. మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగందే పెట్టుకోకూడదు.

నెల తిరిగేసరికి అత్తమ్మే అన్నారు, ‘‘ఒక్కపాలి నిజంగ తోల్కపోరాదు’’ అని. గడప దాటనన్న మనిషి! డాక్టరుగారు సరేనన్నారు. తెల్లారుజామునే లేచి పులిహోర కలిపాను, సర్వపిండి కాల్చాను. చక్రాల కుర్చీ కారు డిక్కీలో పెట్టుకుని బయల్దేరాం.

హనుమకొండ నుంచి ములుగు మీదుగా దాదాపు 70 కిలోమీటర్లు. దారిలో గట్టమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోకుండా మావైపు ఎవరూ ముందుకి పోరు. మేమూ ఆగాం. పాలంపేట చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన శివాలయం ఇది. దేవుడి పేరుతోనో, కట్టించినవాడి పేరుతోనో కాకుండా చెక్కిన శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారు. పునాదిలో ఇసుక నింపారు. శిఖరానికి నీళ్ళలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూరు కింద నల్లరాతి మదనికలు ఎంత నాజూకో! ఒకామె కాళ్ళకి ఎత్తుమడమల చెప్పులు కూడా ఉన్నాయి.

తీరా చూస్తే గుడి అరుగు మనిషెత్తున ఉంది. మెట్లెక్కడం అత్తమ్మ వల్ల కాదు. నాకు గుండె కలుక్కుమంది. ఆమె మాత్రం నవ్వి, ‘‘పైనదంతా అద్దాల్ల చూసిన గదా! నువ్వు పోయిరా బిడ్డా. పిలగాడున్నడు నాకాడ’’ అన్నారు.

ఎనిమిది నెలల తర్వాత ఎవరూ పిలవని అరగంట దొరికింది నాకు. నందీశ్వరుడి దగ్గర చల్లని రాయికి వీపు ఆనించి ఊరికే కూర్చున్నాను. ఏమీ మొక్కుకోలేదు కూడా. ఆ రాతి చల్లదనం ఏ అద్దాల్లోనూ లేదు. అయితే ఆ అద్దాలు లేకపోతే మేం గడప దాటేవాళ్ళమూ కాదు.

తర్వాత చెరువు కట్టకి తీసుకెళ్ళాం. నీళ్ళ మీంచి గాలి వచ్చి అత్తమ్మ తెల్లజుట్టు ముఖం మీద పడింది. ‘‘ఇగో, ఇదిరా గాలి!’’ అన్నారు మనవడితో. అక్కడే సర్వపిండి తుంచుకుని తిన్నాం. తిరుగు ప్రయాణంలో ములుగు దాటకముందే నిద్రపోయారు. నా భుజం మీద తల పెట్టుకుని.

మీ ఇంట్లోనూ మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే, అలాంటి అద్దాలున్న పిల్లలెవరైనా తెలిసుంటే, వాళ్ళకిష్టమైన ఊరు ఒకసారి చూపించండి. వీలైతే తర్వాత నిజంగానే తీసుకెళ్ళండి. వాళ్ళని చూసుకునే మీరు కూడా ఆ రోజు ఓ అరగంట ఎక్కడైనా ఒంటరిగా కూర్చోండి. ఇల్లేమీ మునిగిపోదు.