కాకినాడ ఎరువుల కర్మాగారమున

కృష్ణా గోదావరి పరీవాహకమున నేలయడుగు నుండి తీసిన సహజవాయువు గొట్టముల గుండ కాకినాడ చేరి, అచ్చట యూరియాగా మారి, మన సార్వా దాళ్వా పైరులకు బస్తాలలో తిరిగివచ్చెడిదని ఎల్లరు ఎరిగినదే. ఆ మార్పు నడుమ నీరే విచ్ఛిన్నమై హైడ్రోజను నొసగు ఘట్టమును చూడగోరి, నాగార్జున ఫెర్టిలైజర్సువారి రెండవ యూనిటు 1998లో ప్రారంభమైన కొలదికాలమునకు అచ్చటికి పోయితిని. మొదటి యూనిటు 1992 నాటిది. యూరియాకు మూలమైన అమోనియా తయారీ విధానము డెన్మార్కు దేశపు హాల్డర్ టాప్సో సంస్థది.

సహజవాయువును ఆవిరితో విడగొట్టు రిఫార్మరు కొలిమి మహోగ్రమైనదే గాని, దానిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. నేను వెదకినది దాని వెనుకనున్న షిఫ్ట్ కన్వర్టరు. చూచుటకేమున్నది? కిటికీ లేదు, చప్పుడు లేదు. వేడి పోకుండ చుట్టిన పొరపై అల్యూమినియపు రేకు ఎండకు మెరయుచుండెను. లోపల మాత్రము నూటికి పదుమూడు పాళ్ల వరకు కార్బన్ మోనాక్సైడుగల వాయువు, సుమారు ముప్పది వాతావరణముల పీడనమున ఆవిరితో కలిసి, కార్బన్ డయాక్సైడుగను హైడ్రోజనుగను మారుచుండెను. ఇటలీ దేశీయుడు ఫెలిచే ఫొంటానా 1780లోనే గుర్తించిన చర్య యిది.

"ప్రెషర్ పెంచితే హైడ్రోజన్ ఎక్కువొస్తుందనుకుంటారండి అందరూనూ. రాదండి. కిటుకంతా టెంపరేచర్ దగ్గరుందండి" అని వెంటనున్న ఇంజనీరుగారు నవ్వుచు అనిరి. ఈ చర్యలో రెండణువులు పోయి రెండణువులే వచ్చును గనుక పీడనము సమతౌల్యమును కదల్పజాలదు. వేగమును పెంచి, పాత్ర పరిమాణమును తగ్గించి, తరువాతి కంప్రెసరు శ్రమను మిగుల్చును, అంతియే. ఉష్ణమన్ననో, హెచ్చినకొలది చర్య త్వరపడును గాని సగములో నిలిచిపోవును. తగ్గినచో పూర్తియగును గాని మందగించును. ఈ వైరమునకు సంధిగా రెండు కన్వర్టరులు పెట్టిరి. మొదటిదానిలో ఇనుము, క్రోమియముల ఆక్సైడులపై 350 మొదలు 450 డిగ్రీల వరకు త్వరత్వరగా జరిపించి, మోనాక్సైడును మూడు పాళ్లకు దింపుదురు; పిదప చల్లార్చి, రెండవదానిలో రాగి క్యాటలిస్టుపై 200 డిగ్రీలకు కొంచెము పైన, పావుపాలు వరకు తెత్తురు.

ఇంజనీరుగారు బల్లసొరుగు నుండి రెండు బిళ్లలు తీసి నా అరచేతనుంచిరి. ఇనుపది తుప్పురంగు, రాగిది నల్లనిది. రెండును మందుబిళ్ల కన్న పెద్దవి కావు. రాగిదానిని పట్టుటకే జంకితిని. ఏలయన గంధకము ఇసుమంత సోకినను అది నిర్వీర్యమగునట! అందుచేతనే రిఫార్మరునకు రాక మునుపే వాయువులోని గంధకమును జింక్ ఆక్సైడుతో పీల్చివేయుదురు. మిగిలిన పావుపాలు మోనాక్సైడును మీథేనుగా మార్చి విడుతురు, లేనిచో అమోనియా కన్వర్టరులోని ఇనుము చెడును.

కార్బన్ డయాక్సైడు వృథా పోలేదు. దానిని వేరుచేసి, తయారైన అమోనియాతోనే కలిపి యూరియా చేయుచుండిరి. ఇంత పొదుపైన ఏర్పాటును నేను మరియొక కర్మాగారమున చూడలేదు. బస్తాలోని నత్రజని గాలిది, కర్బనము భూగర్భ వాయువుది, హైడ్రోజనులో కొంత నీటిది.