గుర్రం అడుగుల తాళం

మీలో చాలామంది గుర్రాన్ని చూసే ఉంటారు. కాని అది నడిచేటప్పుడు ఏ కాలు తరవాత ఏ కాలు వేస్తుందో ఎన్నడైనా గమనించారా? నాకు గుర్రం ఎక్కడ కనిపించినా దాని అడుగులు లెక్కపెట్టటం అలవాటు. అలవాటుకు కారణం ఉన్నది. చెబుతాను, వినండి.

డ్రెసేజ్ అని ఒక గుర్రపు పోటీ ఉన్నది. ఇందులో ఎవరు ముందు చేరారన్న ప్రశ్న లేదు. 60 మీటర్ల పొడవూ, 20 మీటర్ల వెడల్పూ గల బరిలో రౌతు సైగ చేసినట్టల్లా గుర్రం నడవాలి, పరిగెత్తాలి, గుండ్రంగా తిరగాలి. ఒక్కొక్క విన్యాసానికి 10కి ఇన్ని అని మార్కులు వేస్తారు. 2023లో చైనాలోని హాంగ్‌చౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు ఈ పోటీలో బంగారు పతకం గెలిచింది.

ఈ విద్యకు ప్రాణం తాళం. మామూలు నడకలో ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు వరసగా పడతాయి. అంటే నాలుగు దెబ్బలు. ట్రాట్ అనే చిన్న పరుగులో కుడి ముందు కాలితో ఎడమ వెనక కాలూ, ఎడమ ముందు కాలితో కుడి వెనక కాలూ జంటగా పడతాయి. అంటే రెండే దెబ్బలు. కాంటర్ అనే దౌడులో మూడు.

తాళం తప్పితే దోషమే. నడకలో ఒకే పక్క కాళ్ళు రెండూ ఇంచుమించు కలిసి పడుతున్నాయనుకోండి. తరచు దీనికి కారణం రౌతు పగ్గాలు బిగలాగటమే. దానితో గుర్రం వీపు బిగుసుకుపోతుంది. కాంటర్‌లో మూడుకు బదులు నాలుగు దెబ్బలు పడితే, వెనక కాళ్ళలో ఊపు తగ్గిందన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైనది ట్రాట్. అందులో రెండు పక్కలా అడుగులు సమంగా ఉండాలి గనక కుంటి ఇట్టే బయటపడుతుంది. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలను తాకినప్పుడల్లా గుర్రం తల పైకి ఎత్తుతుంది. మంచి కాలు తాకినప్పుడు కిందికి దించుతుంది. నొప్పి కాలి మీద బరువు తగ్గించుకోవటానికే ఇదంతా. గిట్టలో రాయి ఇరుక్కున్నదేమో, లాడపు మేకు లోతుగా దిగిందేమో! పోటీలో గుర్రం స్పష్టంగా కుంటితే న్యాయనిర్ణేత గంట కొట్టి దాన్ని బరి నుంచి పంపేస్తాడు.

ఇది తెలియనివాళ్ళు గుర్రం మొండికేసిందని కొరడా ఎత్తుతారు. అది నేను చాలాసార్లు చూశాను. పాపం, గుర్రం అమ్మా అనలేదు, అబ్బా అనలేదు. పైగా తోటి గుర్రాల మధ్య ఉన్నా, మనిషిని మోస్తున్నా, నొప్పిని వీలైనంత వరకు దాచుకునే జంతువు అది.

ఈసారి పెళ్ళి ఊరేగింపులోనో, సముద్రపు ఒడ్డునో గుర్రం కనబడితే, ముందు దాని తల చూడండి, తరవాత కాళ్ళు చూడండి. ఒకే ముందు కాలు నేలను తాకినప్పుడల్లా తల పైకి ఎగురుతూ ఉంటే ఎక్కకండి. "మామా, దీని కాలు నొప్పిగా ఉన్నట్టున్నది, కాస్త గిట్ట చూడు," అని గుర్రం తోలే అతనితో చెప్పండి.