క్రిస్టీనా, రాజక్క

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోసం పనిచేసిన పోలండ్ గూఢచారి క్రిస్టీనా స్కార్బెక్ గురించి చదువుతున్నా. 1941లో బుడాపెస్ట్‌లో దొరికిపోయింది. విచారణలో నాలుక గట్టిగా కొరుక్కుని, నెత్తురు పడేలా దగ్గింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల మీద మచ్చలు. క్షయ అనుకుని భయపడి వదిలేశారు! నిజానికి అవి ఎప్పుడో వార్సాలో కార్ల కంపెనీలో పని చేసినప్పుడు పొగ పీల్చడం వల్ల వచ్చినవట.

యుద్ధం అయిపోయింది. బ్రిటన్ పతకాలిచ్చి పంపేసింది. ఓడల్లో స్టీవార్డెస్‌గా పని చేసుకుంటూ బతికింది.

ఆమె కథ చదువుతుంటే మన జనగామ, మానుకోట గుర్తొచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటం అంటే పాలకుర్తి ఐలమ్మ పేరు చెప్తాం, చెప్పాల్సిందే. మరి రహస్యంగా చీటీలు మోసినోళ్లు? డెన్లలో, అంటే రహస్య స్థావరాల్లో, ఎవరికో భార్యగానో అక్కగానో నటిస్తూ, వండిపెడుతూ కాపలా కాసినోళ్లు? పక్కింటివాళ్లకు అది మామూలు సంసారం, లోపల కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు. మల్లు స్వరాజ్యం గారైతే గోదావరి అడవుల్లో 'రాజక్క'గా తిరిగారు. టీనేజీ దాటీ దాటని పిల్ల తలకు 10,000 రూపాయల వెల!

దళంలో ఉన్న కమలమ్మ పసిబిడ్డను వేరేవాళ్ల చేతుల్లో పెట్టేసి నడవాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆమె మాటలున్నాయి. 1951లో పోరాటం విరమించాక ఇలాంటి చాలామందికి మిగిలింది మళ్లీ వంటిల్లే. వీళ్లకు పతకాలు కూడా లేవు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి దోస్తులూ, మీ ఇండ్లల్ల అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పిన చీటీల ముచ్చట్లు ఏమన్నా ఉంటే రాయండి. పేర్లు లేకపోయినా పర్లేదు.