అప్పులూ సెక్యూరిటీ క్లియరెన్సూ

అమెరికాలో ప్రభుత్వ రహస్యాలు చూసే ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. అప్పు ఉన్నంత మాత్రాన అది ఆగిపోదు. ఇంటి లోను, చదువు లోను సక్రమంగా కడుతుంటే ఇబ్బంది లేదు. క్లియరెన్స్ ఇవ్వడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లోని ‘ఎఫ్’ విభాగం చూసేది ఎగ్గొట్టిన బాకీలు, కట్టని పన్నులు, జూదం అప్పులు, ఆదాయానికి మించిన ఖర్చు. అప్పుల్లో ఉన్నవారు రహస్యాలు అమ్ముకుంటారన్న భయం ఊరికే పుట్టలేదు: సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో అప్పుల ఒత్తిడిలోనే సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోయో, విడాకుల వల్లో, ఆస్పత్రి ఖర్చులతోనో మునిగినవారిని మాత్రం వేరుగా చూస్తారు. అది న్యాయం కూడా. అప్పిచ్చినవారితో మాట్లాడుకుని వాయిదాలు కడుతున్నట్టు రుజువులుంటే దివాలా తీసినవారికీ క్లియరెన్స్ రావచ్చు. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో సాధారణంగా గత ఏడేళ్ల ఆర్థిక ఇబ్బందులు అడుగుతారు. అక్కడ తెలిసి దాచితే విషయం నిజాయతీని తూచే ‘ఇ’ విభాగానికి వెళుతుంది. కావాలని అబద్ధం రాయడం ఫెడరల్ నేరం కూడా.