యోగాభ్యాసానికి తగిన తావు

యోగమనగానే మనము ఆసనములను గూర్చియే మాట్లాడుకొందుము. ఆసనము వేయు చోటును గూర్చి తలచువారు అరుదు. పూర్వులు మాత్రము చోటుతోనే ఆరంభించినారు. శుచియైన తావున, మరీ ఎత్తుగాని మరీ పల్లముగాని కాని ఆసనమును భగవద్గీత ఆరవ అధ్యాయము విధించినది. గులకరాళ్లు, ఇసుక, నిప్పు లేని చదునునేలను, గాలి తాకని మరుగును శ్వేతాశ్వతరోపనిషత్తు కోరినది. చిన్న వాకిలి గల, పేడతో అలికిన, పురుగూ పుట్రా లేని కుటీరమును స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక వర్ణించినది. ఈ విద్య ఒక్క మతమువారి గడపలోనే నిలిచిపోలేదు. 11వ శతాబ్దిలో అల్‌బిరూనీ పతంజలి యోగమును అరబ్బీలోనికి తెచ్చినాడు. 16వ శతాబ్దిలో గ్వాలియరు సూఫీ ముహమ్మద్ గౌస్ 'బహ్రుల్ హయాత్' అను పేర యోగవిద్యను ఫార్సీలో అందించినాడు.

మా మెట్టసీమలోను అట్టి తావులకు లోటు లేదు. జగ్గయ్యపేటకు చేరువనే, కృష్ణ ఒడ్డున, వేదాద్రిలో నరసింహస్వామియే యోగానందుడై వెలసినాడు. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించిన జగ్గయ్యపేట స్తూపము కట్టిన బౌద్ధులు సైతము ఊరికి మరీ దూరము కాక, ఊరి సందడి తగలని మెరకనే ఎంచుకొన్నారు.

అయితే విద్యార్థులమైన మాకు ప్రతి ఉదయము వేదాద్రికి పోవుట సాధ్యమా? నందిగామలో మునేటి ఇసుకతిన్నె చూడ ముచ్చటే. గాలి రేగినచో ఇసుక కన్నులలో పడును. హైదరాబాదు రహదారి ప్రక్క గదులలో లారీల హోరు తెల్లవార్లూ ఆగదు. సున్నపురాతి గనుల దుమ్ము తగులు చోట ప్రాణాయామము చేసినచో, లోతుగా పీల్చిన గాలితోపాటు ఆ దుమ్మును పీల్చినట్లే. వేసవిలో పొద్దెక్కిన పిమ్మట మేడమీద కాలు మోపలేము.

కనుక మేము కొన్ని నియమములు ఏర్పరచుకొన్నాము. ఫజర్ నమాజు ముగిసిన తరువాత, సూర్యోదయమునకు ముందు దొరకు అరగంటయే మా అభ్యాసవేళ. రహదారికి పెడమొగమైన గదిని ఎంచుకొని, నేల తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మట జంపఖానా పరతుము. కిటికీ తెరచి, పంకా ఆపుదుము. కడుపు ఖాళీగా నుంచుదుము.

ఇంతమాత్రము చోటైనను అందరికీ లేదు. ఒకే అద్దెగదిలో నలుగురైదుగురు సర్దుకొను మిత్రులకు చేతులు చాచుటకే తావు చాలదు. మా సోదరీ విద్యార్థినులకు మేడయు, నదీతీరమును రెండును అందనివే. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగదినముగా ప్రకటించినది. ఆ ఒక్కనాడు మైదానము చాలును. తక్కిన దినములకు నాలుగు గోడలు కావలెను. కళాశాలలో వెనుకవైపు గది నొకదానిని ఉదయము ఒక గంట విద్యార్థినులకు, మరొక గంట విద్యార్థులకు తెరపించవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి. తుడిచి శుభ్రపరచు పని మేమే చేసికొందుము.