వెళ్ళాం, వెళ్ళేవాళ్ళం

మా ఇంట్లో ఈ మధ్య భూతకాలం మీద పెద్ద చర్చ నడుస్తోందండీ. బీఎస్సీ నర్సింగ్ అయిన మా అమ్మాయి జర్మనీ వెళ్తానని ఆన్‌లైన్‌లో ఆ భాష నేర్చుకుంటోంది. అక్కడ నర్సుగా చేరాలంటే మామూలుగా బి2 స్థాయి కావాలట. నాది తెలుగు బీఏ కదా, పాఠం అప్పజెప్పించుకునే పని నాకు పడింది.

జర్మన్‌లో మాట్లాడేటప్పుడు జరిగిపోయినదాన్ని ఎక్కువగా ‘హాబె గెమాఖ్ట్’ అని రెండు ముక్కల్లో చెప్తారు. కథల్లో, పుస్తకాల్లో ఒకే ముక్క, ‘మాఖ్టె’. మనం ‘చేశాడు’ అని మాట్లాడుకుంటూ పాత పుస్తకాల్లో ‘చేసెను’ అని చదువుకోలేదూ, ఇంచుమించు అలాగన్నమాట.

బుద్ధిగా ఉండే క్రియలకు చివర ‘టె’ చేరిస్తే చాలు. వాటికి బలహీన క్రియలని పేరు పెట్టింది యాకోబ్ గ్రిమ్, జానపద కథలు పోగేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన. లోపలి అచ్చునే మార్చేసుకునేవి బలమైనవి: ‘కొమ్మెన్’ కాస్తా ‘కామ్’ అయిపోతుంది. ఇవి కంఠస్థం చేయాల్సిందే. మనకి ‘రా’ కాస్తా ‘వచ్చాడు’ కాలేదూ!

ఆయన వచ్చినా, ఆవిడ వచ్చినా, గేదె వచ్చినా వాళ్ళకి ‘కామ్’ ఒక్కటే. మనకో? మగాడు ‘వచ్చాడు’. ఆడమనిషీ, గేదే ‘వచ్చింది’. నలుగురం కలిసి వస్తే మాత్రం మగాళ్ళతో సమానంగా ‘వచ్చారు’. ఒంటరిగా ఉంటే గేదెతో జత, కలిస్తే గౌరవం. వ్యాకరణం కూడా మనకేదో చెప్తోంది చూడండి.

మా అత్తయ్యది కైకలూరు దగ్గర కొల్లేటి లంక. “చిన్నప్పుడు దోనెల మీద వెళ్ళేవాళ్ళమే” అని మనవరాలికి చెప్తుంటారు. ఆ నీళ్ళలో తర్వాత చేపల చెరువుల గట్లు లేచాయి, 2006లో ఆపరేషన్ కొల్లేరులో చాలా గట్లు కొట్టేశారు. ఆ మాటని అమ్మాయి జర్మన్‌లో పెట్టబోతే, ‘వెళ్ళాం’కీ ‘వెళ్ళేవాళ్ళం’కీ ‘గింగెన్’ ఒక్కటే వచ్చింది. కావాలంటే ముందు ‘పూర్వం’ అని చేర్చుకోవాలట.

“రోజూ వెళ్ళినదీ, ఒక్కసారి వెళ్ళినదీ ఒకటెలా అవుతుందే?” అన్నారు అత్తయ్య.

నాకా ప్రశ్న గుచ్చుకుంది. వీసా వస్తే అమ్మాయి ‘వెళ్ళింది’, అది ఒక్కసారే. ఆ తర్వాత ఇంట్లో మిగిలేవన్నీ రెండో రకమే: ఈ కిటికీ దగ్గర కూర్చునేది, ముద్దపప్పులో ఆవకాయ కలుపుకునేది, దీపం పెట్టే వేళకి పాటలు పెట్టేది. జర్మన్‌లో లేకపోతేనేం, తల్లులకి ఆ క్రియ కావాలి.

ప్రస్తుతానికి కూర్చుంటోంది, కలుపుకుంటోంది. అదే చాలు.